కంచెకు రెండడుగుల అవతల బల్ల

అమెరికాలో చూడదగిన ప్రదేశాల గురించి మీరు ఈపాటికి చాలా చదివి ఉంటారు. జలపాతం, లోయ, చేతిలో దివిటీ పట్టుకున్న విగ్రహం. నేను వెళ్లొచ్చింది ఒక గేర్ల ఫ్యాక్టరీకి. సౌత్ కరోలినాలో, పీచ్ తోటల పక్కన, జర్మన్లు పెట్టిన ఫ్యాక్టరీ. అక్కడ టికెట్టు లేదు, గైడు లేడు, నిలబడి ఫోటో దిగడానికి తగిన చోటు కూడా లేదు. అయినా వారం రోజులు ఉండి వచ్చాను కనుక వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను. వెళ్లినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

2010 జూలై. ఎండ మా తెనాలి ఎండలాగే ఉంది. కాకపోతే ఇక్కడ ఎండని టీవీలో ముందే చెప్పి భయపెడతారు.

క్యారీ

మా కన్సల్టెన్సీ పక్క రాష్ట్రంలో, క్యారీ అనే ఊళ్లో ఉంది. కన్సల్టెన్సీ అంటే ప్రసాద్ గారు, ఆయన ల్యాప్‌టాప్, ఒక ప్రింటరు. ఊళ్లో కుర్రాళ్లందరూ ఆయన్ని అంకుల్ అంటారు. జీతం ఇచ్చే మనిషిని అంకుల్ అంటే ఇంక్రిమెంట్ అడగడం కష్టమవుతుందని నేను గారు దగ్గరే ఆగాను. గారు అన్నా ఇంక్రిమెంట్ రాలేదు, అది వేరే సంగతి.

నా పరిస్థితి ఇదీ. మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ గడువు నాకు సెప్టెంబరుతో అయిపోతుంది. ఆలోపు హెచ్-వన్ వీసాకి అప్లై చేయాలి. అప్లై చేయాలంటే, ఈ అబ్బాయికి మా దగ్గర ఏడాది పని ఉంది అని ఏదో ఒక క్లయింటు లెటర్ ఇవ్వాలి. ఈ ఏడు అలాంటి లెటర్లు పీచ్ పళ్లలా చెట్లకి కాయడం లేదు.

"వన్ వీక్ ప్రాజెక్ట్. ఎవరెప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అని రికార్డ్ చేసే మన సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి చూపించు. నచ్చితే వన్ ఇయర్ ఎక్స్‌టెన్షన్, లెటర్ ఇస్తారు" అన్నారు ప్రసాద్ గారు. "డెసిషన్ అంతా వాళ్ల హెచ్ఆర్ మేడమ్‌ది. ఆవిడ ఏమడిగినా యస్ అను. నీ జోకులు మాత్రం కార్‌లో వదిలేసి లోపలికి వెళ్లు."

"ఎండకి పాడైపోతాయండీ."

"అదిగో, అదే వద్దంటున్నా. జర్మన్ కంపెనీ, బీర్లూ అవీ ఉంటాయిట. నువ్వెలాగూ తాగవు కాబట్టి నిన్నే పంపుతున్నా."

నేను తాగనన్నది నిజమే. దాని వెనక వ్రతం లేదు, అమ్మకిచ్చిన మాట లేదు. ఇంజనీరింగ్‌లో ఉండగా ఒకసారి రుచి చూశాను, నచ్చలేదు. కాకరకాయ నచ్చనివాణ్ని ఎవరూ కారణం అడగరు. దీనికి మాత్రం కారణం కావాలి. మన బ్యాచిలర్ రూముల్లో తాగనివాడికి రెండు ఉద్యోగాలు: రాత్రంతా "ఒక్క సిప్పు రా, నా మీద ఒట్టు" అని బతిమాలించుకోవడం, ఆ తర్వాత అందర్నీ ఇళ్ల దగ్గర దింపడం. ఆ లెక్కన ఈ దేశంలో నేను నాలుగు ఊళ్లకి శాశ్వత డ్రైవర్ని.

షార్లెట్

దారిలో నరేష్ ఇంట్లో ఆగాను. మాస్టర్స్‌లో నా రూమ్మేట్, కరీంనగర్ మనిషి. షార్లెట్‌లో ఒక బ్యాంకులో పని. నేను వెళ్లేసరికి కోడిగుడ్డు పులుసు రెడీగా ఉంది. వాడి పులుసులో గుడ్లని వెతుక్కోవాలి.

"జర్మనోళ్ల కంపెనీ అంటే పొద్దుగాల్నే బీర్ పెడ్తరంట గదరా" అన్నాడు.

"నాకేం తెలుసు, ఇంకా వెళ్లలేదుగా."

"తాగకుంటే ఫీలైతరేమో. జర చూస్కో. లెటర్ కావాలె నీకు. ముక్కు మూస్కొని ఒక గ్లాస్ కొట్టెయ్. మందనుకోకు, కాఫ్ సిరప్ అనుకో."

"దగ్గు లేదురా."

"నీతోటి మాట్లాడుడు నాదే తప్పు."

వెళ్లేటప్పుడు వాళ్ల పిన్ని పంపిన చేగోడీల ప్యాకెట్ ఇచ్చాడు. ఇచ్చాక మనసు మారి, సగం డబ్బాలోకి తిరిగి పోసుకున్నాడు. ఆ సగం ప్యాకెట్ ఈ కథలో ఎంత పని చేసిందో వాడికి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే వాటా అడుగుతాడు.

పీచ్ తోట

రాష్ట్రం మారగానే హైవే పక్కన పీచ్ పండు ఆకారంలో ఒక నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. ముందునుంచి చూస్తే పండే. దాటాక అద్దంలో చూస్తే పండు కాదు, మనిషి కూర్చునే భాగం. ఊరివాళ్లకి ఈ విషయం తెలుసు, కానీ పైకి అనరు.

ఫ్యాక్టరీని ఆనుకునే ఒక తోట ఉంది. తోట ముందు చెక్కల కొట్టు, కొట్టులో హాలిస్ అనే పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి, టోపీకి అంతకన్నా ఎక్కువ ఉంటాయి. బుట్ట పీచ్‌లు ఆరు డాలర్లు. ఇచ్చి, అలవాటు చొప్పున, పైన రెండు వెయ్యండి అన్నాను.

"ఎందుకు?" అన్నాడాయన. కోపంగా కాదు, తెలుసుకుందామని.

"కొన్నాను కాబట్టి."

కొసరు అనేది ఆ రాష్ట్రంలో మొదటిసారి వినబడిందనుకుంటాను. ఆయన కాసేపు ఆలోచించి ఒకటి వేశాడు. రెండోది నేనూ అడగలేదు.

ఫ్యాక్టరీకే వచ్చానని చెబితే కంచె వైపు చూశాడు. "పదిహేనేళ్లుగా పక్కపక్కనే ఉన్నాం. శుక్రవారం మూడింటికి నవ్వులు వినబడతాయి. ఇంతవరకు పిలవలేదు." ఫిర్యాదులా చెప్పలేదు. ఈ ఏడు వాన తక్కువ అన్నట్టు చెప్పాడు.

ఫ్యాక్టరీ, సోమవారం

ఫోర్‌మన్ పేరు యుర్గెన్. స్టుట్‌గార్ట్ దగ్గరి పల్లె నుంచి పదిహేనేళ్ల క్రితం మెషిన్లతో పాటు వచ్చాడు. మెషిన్లకి ఇక్కడి వాతావరణం పడింది, తనకింకా పడలేదని చెప్తాడు. నవ్వాలా వద్దా అన్నది ఆయన ముఖం చూసి చెప్పలేం. ఆయన నాకు వెంటనే నచ్చాడు.

నా సాఫ్ట్‌వేర్ గురించి ఒకటే ప్రశ్న వేశాడు. "పని అయిపోయిందని ఎప్పుడు అంటావు?"

"నేను అనను. వాడేవాళ్లు కూర్చుని పరీక్షించి, కాగితం మీద సంతకం పెడితే అప్పుడు అయినట్టు."

"మంచి పద్ధతి" అన్నాడు. వారం మొత్తంలో ఆయన నన్ను మెచ్చుకున్నది అంతే. తర్వాత తెలిసింది, అది చాలా ఎక్కువట.

మధ్యాహ్నం రెండున్నరకి ప్యాకింగ్ సెక్షన్ నుంచి డార్లీన్ అనే ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ల పైన, పక్కా లోకల్, ఎవరినైనా హనీ అంటుంది, పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండిని కూడా. "హనీ, ఏం తెచ్చావు?" అంది.

"ల్యాప్‌టాప్."

"అయ్యో, నీకెవరూ చెప్పలేదా."

సంగతేమిటంటే, అక్కడ షిఫ్టు మూడింటికి దిగుతుంది. శుక్రవారం మూడింటికి అందరూ ఒక పొడుగు బల్ల దగ్గర కూర్చుంటారు. బల్లని ప్యాకింగ్ చెక్కలతో వాళ్లే చేసుకున్నారు. మనిషికి ఒకే సీసా బీరు, అరగంట, అంతే. ఇది జర్మనీ నుంచి యుర్గెన్ మోసుకొచ్చిన అలవాటు. పని అయిపోయిన పొద్దుకి వాళ్ల భాషలో ప్రత్యేకంగా ఒక పేరే ఉందట, పండగ పేరు చెప్పినట్టు చెబుతాడు. కొత్తవాడు వస్తే మాత్రం శుక్రవారం దాకా ఆగరు, ఆ రోజే కూర్చుంటారు. ఆ రోజు తిండీ తాగుడూ ఆ కొత్తవాడి బాధ్యత. వెళ్లిపోయేవాడైనా అంతే, పోయే రోజున తనే పెట్టి పోవాలి.

మనకిది వింతేమీ కాదు. ఉద్యోగం వస్తే పార్టీ ఎప్పుడు అంటారు, బండి కొంటే పార్టీ అంటారు, కాలు విరిగి కట్టు విప్పినా పార్టీ అంటారు. మనవాళ్లు అడిగి తీసుకుంటారు. వీళ్లు అడగరు, వచ్చి కూర్చుని నీ వైపు చూస్తారు. ఇరవైరెండు మంది చూస్తే అడిగినట్టే ఉంటుంది.

కారులోకి పరుగెత్తాను. పీచ్‌ల బుట్ట, చేగోడీల సగం ప్యాకెట్. బీరు కేసు మాత్రం యుర్గెన్ తన గదిలోంచి తెచ్చి, "ఈసారికి" అన్నాడు.

చేగోడీలు చూసి బల్లంతా ముందుకి వంగింది. గేర్లు చేసేవాళ్ల ముందు గుండ్రటి వస్తువు పెడితే ఏమవుతుందో నాకు తెలియదు. యుర్గెన్ జేబులోంచి కొలిచే సాధనం తీసి ఒకదాని లోపలి చుట్టు కొలిచాడు. ఇంకోటి కొలిచాడు. "ఏ రెండూ ఒకటి కాదు" అన్నాడు.

"మా ఫ్రెండ్ వాళ్ల పిన్ని చేత్తో చేసినవి."

"ఈమెని మేం పనిలోకి తీసుకోలేం" అని నోట్లో వేసుకున్నాడు. కాసేపు నమిలి, "కానీ తీసుకోవాలని ఉంది" అన్నాడు. నరేష్ వాళ్ల పిన్నికి అంతర్జాతీయ గుర్తింపు అలా వచ్చింది.

నా ముందు బీరు సీసా పెట్టబోతే తాగనన్నాను. తర్వాతి ప్రశ్నకి ఒళ్లు బిగపట్టి కూర్చున్నాను. ఎందుకు తాగవు, మతమా, ఆరోగ్యమా, ఒక్క సిప్పు. యుర్గెన్ అడిగింది ఇదీ: "అల్లం సోడానా, యాపిల్ రసమా?" అల్లం సోడా అన్నాను. వచ్చింది. ఇరవైనాలుగేళ్ల జీవితంలో ఆ సంభాషణ అంత తొందరగా ముగియడం అదే మొదటిసారి.

గొడవ వేరేచోట వచ్చింది. సీసాలు తగిలించేటప్పుడు ఎదుటివాడి కళ్లలోకి చూడాలి, అందరి కళ్లలోకీ, ఒక్కొక్కరిగా. మనం పెద్దవాళ్ల ముందు కళ్లు దించుకుని పెరిగినవాళ్లం. నేను ఇరవైరెండు సీసాల మూతుల్ని శ్రద్ధగా చూశాను. యుర్గెన్ ఆపి, "మళ్లీ" అన్నాడు. మళ్లీ తగిలించాను, ఈసారి కళ్లు. ఇరవైరెండు జతల కళ్లు వరసగా చూశాక మనిషికి ఆ కంపెనీతో పెళ్లయినట్టు ఉంటుంది.

ఆ తర్వాత పొరపాటు చేశాను. సీసా ఎత్తి, పెదాలకి తగలకుండా, గాల్లోంచి నోట్లోకి పోసుకున్నాను. ఎంగిలి చెయ్యకుండా నీళ్లు తాగడం మన ఇళ్లలో నడక కన్నా ముందు నేర్పుతారు. కానీ నీళ్లకి నురగ రాదు. అల్లం సోడా సగం గొంతులోకి, సగం ముక్కులోకి, మిగతాది చొక్కా మీదికి వెళ్లింది.

నవ్వుతారనుకున్నాను. నవ్వారు కూడా, కానీ ముందు యుర్గెన్ అడిగాడు. "సీసా నోటికి తగలలేదు. ఎందుకు?"

"తగలకపోతే ఇంకొకరికి ఇవ్వొచ్చు."

ఆయన సీసా ఎత్తి పట్టుకుని గురి చూసి పోసుకున్నాడు. ఆయన చొక్కా కూడా తడిసింది. "సాధన కావాలి" అన్నాడు గంభీరంగా.

గోడకి ఒక నల్లబల్ల ఉంది. శుక్రవారం ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా దాని మీద సుద్దతో రాస్తారు. రాసినవాడు ఊడ్చేవాడైనా, ప్లాంటు మేనేజరైనా ఒకటే. వచ్చే శుక్రవారంలోపు దాన్ని సరిచెయ్యాలి, లేదా ఎందుకు చెయ్యలేదో అందరి ముందూ చెప్పాలి. పోయిన వారానివి మూడు ఉన్నాయి. రెండు కొట్టేశారు. మూడోది కాఫీ గురించి, అది జర్మన్లకీ అమెరికన్లకీ మధ్య పదిహేనేళ్లుగా తెగనిది.

భోజనశాల, బుధవారం

అక్కడి హోటళ్లలో ఒక మాంసం, మూడు కూరలు కలిపి ఏడు డాలర్లకి పెడతారు. మాకరోనీ చీజ్‌ని కూరగాయల కింద లెక్కేస్తారు. దాన్ని చూసి నేనేమీ అనలేదు, బంగాళాదుంపని కూర అనే దేశం నుంచి వచ్చినవాణ్ని.

భోజనానికి పిలిచింది స్టెఫనీ. ప్రసాద్ గారు చెప్పిన హెచ్ఆర్ మేడమ్. షికాగోలో అమెరికా హెడ్డాఫీసు, అక్కడినుంచి మంగళవారం దిగింది. మర్యాదస్తురాలు. నా పేరు రెండుసార్లు అడిగి సరిగ్గా పలికింది.

"సోమవారం మిమ్మల్ని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టారట."

"నేనే కూర్చున్నాను."

"మీరు తాగరు కదా. ఇబ్బందిగా అనిపించిందా?"

"కుర్చీ గట్టిగా ఉంది."

ఆమె నవ్వలేదు. ఫోల్డర్ తెరిచి ఒక కాగితం నా వైపు తిప్పింది. టైపు చేసి ఉంది. మద్యం నిషేధించే మతానికి చెందిన నన్ను, మద్యం ఉన్న బల్ల దగ్గర కూర్చోమని ఒత్తిడి చేశారనీ, అవమానంగా అనిపించిందనీ, ఆ పద్ధతి ఆపించమని కోరుతున్నాననీ. కింద నా పేరు. పేరు పక్కన ఖాళీ గీత.

"పోయినేడు మా ఇంకో ప్లాంటులో ఒకతను తాగి ఫోర్క్‌లిఫ్ట్ నడిపాడు. ఇద్దరికి దెబ్బలు తగిలాయి" అంది. "ఆ కాగితాలన్నీ నా బల్ల మీదికే వచ్చాయి. ఇక్కడ కూడా ఆపాలి. ఊరికే ఆపితే వీళ్లు ఒప్పుకోరు. ఒక ఉద్యోగి బాధపడ్డాడంటే ఒప్పుకుంటారు." కాగితం మడిచి నా చేతికిచ్చింది. "మీ ఎక్స్‌టెన్షన్ గురించి కూడా శుక్రవారమే నిర్ణయం తీసుకుంటాను."

ఆ రెండు వాక్యాల మధ్య ఆమె ఏ సంబంధమూ పెట్టలేదు. పక్కపక్కన కూర్చోబెట్టింది, అంతే.

మోటెల్

గది ముప్పైతొమ్మిది డాలర్లు, గోడ మీద పడవ బొమ్మ. సముద్రం రెండు వందల మైళ్ల అవతల. సాయంత్రం ప్రసాద్ గారికి ఫోన్ చేసి కాగితం చదివి వినిపించాను.

"పెట్టెయ్ నాయనా. సైన్ చేయని కాగితం ఏదైనా ఉందా ఈ దేశంలో?"

"ఇందులో ఉన్నది జరగలేదండీ."

"జరగలేదని నీకు తెలుసు, నాకు తెలుసు. సెప్టెంబర్‌కి తెలియదుగా."

ఇలాంటివి ఆయన మామూలుగా అనరు, అందుకే గుర్తుండిపోయింది.

పెన్ను తీసుకుని కూర్చున్నానని ఒప్పుకుంటాను. సంతకంలో మొదటి అక్షరం గాల్లో రాసి కూడా చూశాను. చెయ్యి ఆగింది సత్యం మీద గౌరవంతో కాదు. మతం అన్న మాట దగ్గర ఆగింది. మా ఇంట్లో దేవుడి గది ఉంది. శనివారం మాంసం తినం. మా పెదనాన్న ప్రతి ఆదివారం తాగుతాడు, తాగాక దేవుడి పాటలే పాడతాడు. నాకు బీరు రుచి నచ్చకపోవడానికి వీటన్నిటితో ఏ సంబంధమూ లేదు. ఎవరూ అడగని నా మతాన్ని తెచ్చి, నన్ను కారణం అడగకుండా అల్లం సోడా ఇచ్చిన మనిషి మీదికి విసరమంటున్నారు. ఇంతకన్నా "ఒక్క సిప్పు రా" అన్నవాళ్లే నయం. వాళ్లు కనీసం మత్తులో అన్నారు.

ఫ్యాక్టరీ, గురువారం

పొద్దున డార్లీన్ దగ్గరికి వెళ్లాను. సోమవారం ఆమె ముందు కూడా బీరు లేదు, పేరు రాసిన జగ్గులో తీపి టీ ఉంది. అది గుర్తొచ్చి అడిగాను.

"నేను బాప్టిస్ట్‌ని హనీ. చుక్క ముట్టను. బీరుకి నేను వ్యతిరేకం. ప్రతి ఆదివారం చర్చిలో వ్యతిరేకంగా పాడతాను కూడా."

"మరి పదకొండేళ్లుగా అక్కడ కూర్చుంటున్నారట."

"బీరు వాళ్లది. బల్ల మాత్రం నాది." పెట్టెకి టేపు వేస్తూనే చెప్పింది. "పోయినేడు చలికాలంలో ఆర్డర్లు పడిపోయాయి. షికాగో నుంచి లిస్టు వచ్చింది, ఎవరెవర్ని తీసెయ్యాలో. మొదటి పేజీలోనే నా పేరు. యుర్గెన్ ఆ లిస్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది చేతులు మారుతూ బల్ల చివరిదాకా వెళ్లింది. తర్వాత ఆ ఊడ్చే రాయ్ లేడూ, వాడన్నాడు, అందరం వారానికి నాలుగు రోజులే చేస్తే ఎలా ఉంటుంది అని. మేనేజర్ పక్కనే ఉన్నాడు. అక్కడినుంచే జర్మనీకి ఫోన్ చేశాడు. ఏడు నెలలు నాలుగు రోజులే చేశాం. ఒక్కరు పోలేదు."

"ఇదంతా ఆఫీసులో కూర్చుని కూడా మాట్లాడొచ్చుగా."

"రాయ్‌ని ఆఫీసులోకి ఎవరు పిలుస్తారు హనీ?"

భోజనం వేళ నా ల్యాప్‌టాప్‌లో ఒక కొత్త కాగితం టైపు చేశాను. ప్రసాద్ గారు వద్దన్న పని చేశాను, అంటే కారులో వదిలిన జోకులు లోపలికి తెచ్చుకున్నాను. స్టెఫనీ గదికి వెళ్లి ఇచ్చాను. అందులో ఉన్నది ఇంతే: "సోమవారం నేను బల్ల దగ్గర కూర్చున్నాను. బీరు తాగనన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అల్లం సోడా ఇచ్చారు. అది నా చొక్కా మీద పడటానికి బాధ్యత పూర్తిగా నాది. కుర్చీ గట్టిగా ఉంది." కింద సంతకం, తేదీ.

ఆమె రెండుసార్లు చదివింది. "ఇది జోకా?"

"జోకులకి సంతకం పెట్టనండీ."

"దీని వల్ల మీకు ఏమవుతుందో తెలుసు కదా."

"తెలుసు. ఫోర్క్‌లిఫ్ట్ సంగతి మీరు వాళ్లకే చెప్పి చూడండి. చెబితే వింటారు. నల్లబల్ల మీద చోటుంది."

ఇది చెప్పి బయటికి వచ్చేటప్పుడు, లాగాల్సిన తలుపుని రెండుసార్లు నెట్టాను. ఇలాంటప్పుడు గుండె నిబ్బరంగా ఉందని రాయడం ఆనవాయితీ. గుండె సంగతి తెలియదు, తలుపు సంగతి చెప్తున్నాను.

కంచె అవతల, శుక్రవారం

పొద్దున్నే తలుపుకి నోటీసు. ఈ రోజు నుంచి కంపెనీ స్థలంలో మద్యం నిషేధం. కారణం రాయలేదు, కారణంగా చూపడానికి ఎవరూ దొరకలేదు కాబట్టి. పది గంటలకి స్టెఫనీ నన్ను పిలిచి, పని బాగా చేశారు, ఈ రోజుతో ముగించండి, లెటర్ ఇవ్వలేకపోతున్నాం అంది. ఆ మాట నా కళ్లలోకి చూసే చెప్పింది. అందుకు ఆమె మీద కొంచెం గౌరవం కలిగింది. ఇంకొంచెం కలిగేది, లెటర్ ఇచ్చి ఉంటే.

యుర్గెన్ నోటీసు ముందు చాలాసేపు నిలబడ్డాడు. వేలు పెట్టి ఒక మాట చూపించాడు. కంపెనీ స్థలంలో. తర్వాత గోదాములోంచి లేజరుతో కొలిచే యంత్రం తెచ్చుకుని, ప్లాంటు మ్యాపు చంకలో పెట్టుకుని, వెనక కంచె దగ్గరికి వెళ్లాడు. కంచె అవతల హాలిస్ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం కిటికీలోంచి చూశాను. పదిహేనేళ్లలో మొదటిసారట. అయిదు నిమిషాల్లో తేలిపోయింది.

మూడింటికి ఇరవైరెండు మంది తమ తమ కుర్చీలు పట్టుకుని గేటులోంచి బయటికి నడిచి, తోట చుట్టూ తిరిగి, పీచ్ చెట్ల కిందికి చేరారు. బల్లని ఆరుగురు మోశారు. కంచెకి సరిగ్గా రెండడుగుల అవతల వేశారు. ఒక అడుగు చాలదా అన్నాను. "కొలతలో తేడా వస్తే?" అన్నాడు యుర్గెన్. తిరుగుబాటు అనేదాన్ని అంత జాగ్రత్తగా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. మన దగ్గరైతే ఈపాటికి రెండు బస్సుల అద్దాలు పోయేవి, కొలతలు మాత్రం తీసుకునేవాళ్లం కాదు.

వెళ్లిపోయేవాణ్ని కనుక ఆ రోజు తిండి నాది. హాలిస్ దగ్గరే మూడు బుట్టలు కొన్నాను. కొసరు అడగకుండానే ఒక్కో బుట్టకి రెండు వేశాడు. ఆయన్ని కూర్చోమంటే టోపీ తీసి కూర్చున్నాడు. టోపీ ఉన్న మేర తెల్లగా, కింద ముఖమంతా ఎండకి ఎర్రగా ఉంది. ప్లాంటు మేనేజరు కూడా వచ్చాడు, టై విప్పి జేబులో పెట్టుకుని రాయ్ పక్కన కూర్చున్నాడు.

లెటర్ సంగతి డార్లీన్ ద్వారా అందరికీ తెలిసిపోయింది. దాని మీద ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. యుర్గెన్ లేచి సీసా ఎత్తాడు. నా కళ్లలోకి చూశాడు. తర్వాత సీసాని నోటికి తగలకుండా, జానెడు ఎత్తులోంచి పోసుకున్నాడు. ఒక్క చుక్క కింద పడలేదు. నాలుగు రోజులుగా ఇంట్లో నీళ్లతో సాధన చేశాడట. తర్వాత మిగతా అందరూ ఎత్తారు. వాళ్లకి సాధన లేదు. చొక్కాలు, గడ్డాలు, హాలిస్ టోపీ అన్నీ తడిసిపోయాయి. డార్లీన్ తీపి టీ జగ్గుతోనే ప్రయత్నించింది. ఆ దృశ్యాన్ని వర్ణించనని ఆమెకి మాటిచ్చాను.

స్టెఫనీ కంచె దాకా వచ్చి నిలబడింది. కంపెనీ స్థలంలోనే, బల్లకి రెండడుగుల దూరంలో. ఎవరూ లేవలేదు. డార్లీన్ ఒక పీచ్ తీసుకెళ్లి కంచె మీదినుంచి ఇచ్చింది. "ఇందులో ఏమీ కలపలేదు హనీ." ఆమె తీసుకుంది. తినలేదు, పడెయ్యలేదు, చేత్తో పట్టుకుని ఉంది. అరగంట అయ్యేదాకా అక్కడే ఉంది.

గోడ నుంచి తీసి తెచ్చిన నల్లబల్లని చెట్టుకి ఆనించారు. ఈ వారం ఫిర్యాదు ఎవరిది అన్నాడు యుర్గెన్. అందరూ నా వైపు చూశారు. వీసా గురించి రాయొచ్చు, నోటీసు గురించి రాయొచ్చు. సుద్ద తీసుకుని రాశాను: కుర్చీ గట్టిగా ఉంది.

మళ్లీ షార్లెట్, మళ్లీ క్యారీ

చేగోడీల సంగతి తప్ప నరేష్‌కి జరిగిందంతా చెప్పాను. పులుసు గిన్నె ముందు పెట్టుకుని విన్నాడు.

"అంటే తాగనోనివి, తాగెటోళ్ల కోసం వీసా పోగొట్టుకున్నవ్."

"వీసా రాకముందే ఎలా పోతుందిరా?"

"నీ యవ్వ, నవ్వొస్తలేదు" అన్నాడు. తర్వాత గిన్నెలో వెతికి రెండో గుడ్డు కూడా నాకే వేశాడు. వాడి నుంచి అంతకన్నా పెద్ద సంఘీభావం ఆశించకూడదు.

ప్రసాద్ గారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, అట్లాంటాలో ఇంకో క్లయింటు ఉన్నాడు, రెజ్యూమె పంపాను అన్నారు. అది ఇంకా రెజ్యూమె దశలోనే ఉంది. సెప్టెంబరు తన దారిన తను వస్తోంది, దానితో నాకు వ్యక్తిగతంగా గొడవేమీ లేదు.

మరుసటి శుక్రవారం సాయంత్రం యుర్గెన్ నుంచి మెయిల్. ఒక ఫోటో, ఒక ఫారం. ఫోటోలో పీచ్ చెట్ల కింద బల్ల, కంచెకి రెండడుగుల అవతల. చుట్టూ జనం. అంచున ఒక ఖాళీ కుర్చీ, దాని మీద నీలం దిండు, జారకుండా నాలుగు మూలలా తాళ్లతో కట్టింది. కుర్చీ ముందు మూత తియ్యని అల్లం సోడా. వెనక నల్లబల్ల మీద నా ఫిర్యాదు అలాగే ఉంది, కొట్టెయ్యలేదు. జాగ్రత్తగా చూస్తే బల్లకి ఆ చివర కూర్చున్న స్టెఫనీ, ముందు కాఫీ కప్పు. కంచెకి ఏ వైపు ఉందో ఫోటోలో చక్కగా తెలుస్తోంది.

ఫారం జర్మన్ పద్ధతిలో ఉంది. సమస్య: కుర్చీ గట్టిగా ఉంది. చేసిన పని: దిండు, నాలుగు సెంటీమీటర్లు. పరీక్షించినవారు: ఖాళీ. సంతకం: ఖాళీ. కింద యుర్గెన్ రాసిన ఒక్క వాక్యం: నువ్వే చెప్పావు, వాడేవాడు కూర్చుని చూడందే పని అయినట్టు కాదు.

ఆ ఫ్యాక్టరీ నుంచి సంతకానికి నా ముందుకొచ్చిన రెండో కాగితం ఇది. దీనికి సంతకం పెడతాను. కానీ కూర్చోకుండా పెట్టను. ప్రసాద్ గారికి శుక్రవారం సెలవు కావాలని చెప్పాను. ఎందుకు అన్నారు. టెస్టింగ్ ఉందండీ అన్నాను.

చేగోడీలు ఈసారి పూర్తి ప్యాకెట్ తీసుకెళ్తున్నాను. నరేష్ ఇంట్లో లేని సమయం చూసి ఆగాలి.